తాయారే

ఒక్క పేజీ చాలన్నారు ఫోన్లో, సంతాప సభకి.
పుట్టిన ఊరు, చదువు, పతకాలు వాళ్ళే పంపారు.
బ్రెస్ట్ రేవు, పారిస్‌లో డాక్టరేటు,
మద్రాసులో ముప్ఫై నాలుగేళ్ళు,
నూట పన్నెండు వ్యాసాలు, కొత్త జాతి ఒకటి.
"ఆవిడకి బొమ్మలు గీసింది మీరే కదా,
కాస్త మనసుకి తగిలేలా రాయండి."

సరే. తగిలిందే రాస్తాను.

కాశిమేడులో మా నాన్న పడవలకి పేర్లు రాసేవాడు.
రాసేముందు అడుగు గీకాలి.
ఉప్పునీళ్ళలో మొలిచిన గుల్లలు,
వేళ్ళు కోసే తెల్లటి పళ్ళ వరసలు,
కుప్పపోస్తే కాకులు కూడా ముట్టవు.
ఆ చెత్తని డబ్బిచ్చి కొంటానని
ఒక దొరసాని వచ్చింది, మోకాళ్ళ దాకా బురదతో.
నాన్న నవ్వి, బకెట్టు రూపాయన్నాడు.
ఆమె రెండిచ్చింది.
తలలు విరక్కుండా గీకమంది.

"దీనికి తలేంటి?"
అడిగింది నేను. పంతొమ్మిదేళ్ళు, చేతిలో కుంచె.

"తలతోనే అంటుకుంటుంది," అంది అరవంలో.
"పసిదిగా ఉన్నప్పుడు ఈదుతుంది. చోటు నచ్చేదాకా
మీసాలతో తడుముకుంటూ నడుస్తుంది.
ఒక్కసారి తల ఆనించిందా, ఇక కదలదు.
బతుకంతా తలకిందులుగా నిలబడి
కాళ్ళతో కూడు నోట్లోకి తోసుకుంటుంది."

"మా వీధిలో సగం మంది అంతేనమ్మా," అన్నాడు నాన్న.

డాక్టర్ సొలాంజ్ కెర్దోన్.
రాయపురంలో మేడమీది గది, ఒక మైక్రోస్కోపు,
స్పిరిట్ వాసన, కింద మాగాయ్ ఎండు చేపల కొట్టు వాసన.
నా పేరు చివరి 'రు' ఆమె గొంతులో గరగరమనేది.
నేర్పింది ఒకటే: "అందంగా గీయకు. ఉన్నన్ని గీయి."
కాలి మీద ఇరవై మూడు వెంట్రుకలుంటే
ఇరవై మూడు.

ఎన్నూరు కాలువలో,
కరెంటు కంపెనీ వేడినీళ్ళు కలిసేచోట
ఊదా చారల చిన్న గుల్ల దొరికింది ఒక ఏడు.
ఎవరూ ఎరగనిది. లాటిన్ తోక తగిలించి
దానికి నా పేరు పెట్టింది: తాయారే.
నాన్న ఆ మాటని ఒక పడవ మీద రాసేశాడు.
పడవ యజమాని ఏదో అమ్మవారి పేరనుకుని దణ్ణం పెట్టుకున్నాడు.

మీరు పంపిన జాబితాలో లేనిది ఇక్కణ్ణుంచి.

ఏడేళ్ళ తర్వాత, అందరికీ తెలిసిన పాత గుల్ల ఒకటి గీస్తుంటే
చెయ్యి ఆగింది.
ఆరో కాలి మీద పదిహేడు వెంట్రుకలు, పదకొండోది కురచ.
ఆ లెక్క నా వేళ్ళకి ముందే తెలుసు.
నాది కొత్త జాతి కాదు.
ఇదే, వేడినీళ్ళకి ఎదుగుదల తప్పి ఊదా తిరిగింది.
ఉన్నన్నీ గీశాను.
నోరు మాత్రం విప్పలేదు.

నాలుగేళ్ళు.

ఒక తుఫాను రాత్రి, కరెంటు లేదు,
లాంతరు కింద నా బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టుకుని
వేలితో లెక్కపెడుతోంది, తన భాషలో.
అరవం ఎంత వచ్చినా అంకెలు మాత్రం అక్కడివే.
దీసెత్ దగ్గర ఆగింది.
రెండో బొమ్మ. మళ్ళీ దీసెత్.
నా వంక చూడకుండానే అడిగింది,
"ఎప్పట్నుంచి తెలుసు?"
చెప్పాను.
వత్తి సరిచేసింది. చాలాసేపటికి,
"నీ చెయ్యి మంచిది. నాకంటే ముందు చూసింది."
నా గురించి ఏమీ అనలేదు.

వారంలో తన తప్పు తనే రాసి పంపింది,
మూడు పేజీలు, నా బొమ్మలు సాక్ష్యంగా.
పారిస్‌లో ఎవరో నవ్వారట.
రావలసిన పతకం ఇంకెవరికో పోయిందట.
ఆమె ఆ పూట నెత్తళ్ళు వేయించి
పిలిచి అన్నం పెట్టింది.

రిటైరయ్యాక మీ దేశం పోరా అని అడిగేవాళ్ళకి
నుదుటి మీద వేలితో రెండుసార్లు కొట్టి చూపించేది.
వాళ్ళకి అర్థమయ్యేది కాదు.

కాబట్టి సభవారికి మనవి.
'కొత్త జాతి ఒకటి' అన్న ముక్క కొట్టేశాను.
కొట్టేసిందీ ఆవిడే, అని పక్కన రాశాను.

నాన్న పడవ ఇంకా ఉంది, గట్టున బోర్లించి.
నిన్న వెళ్ళి చూశాను.
'తా' ఒక్కటే మిగిలింది, దాని మీద కూడా గుల్లలు.
గీకలేదు.